విన్ననాటి మైల

శాస్త్రమంటే మావాళ్లకు కిరాణా దుకాణం. ఇక్కడ బేరం కుదరకపోతే పక్క దుకాణానికి పోతారు. ఎన్నో ఏళ్లుగా కోరుట్లలో పౌరోహిత్యం చేస్తున్నాను, నాకు ఒళ్లు మండేది అక్కడే. అందుకే ఆ పొద్దున రాయికల్ పక్క ఊరి నుంచి కల్లుగీసే ఓదెలు వచ్చి, "అయ్యగారూ, సావు కబురు విననోళ్లకు మైల ఉంటదా?" అని అడిగితే కసిరాను.

"రేపు బిడ్డ పెండ్లి పెట్టుకొని గిదేం అడుగుడు? నోట్లె మంచిమాట లేదా?"

అతను అరుగు మీద కూలబడ్డాడు. కొడుకు సతీశ్ సౌదీలో, దమ్మాంలోని కంపెనీ రూములో, నిద్రలోనే పోయాడట. రూములో ఉండేవాడు ఫోన్ చేసి చెప్పాడట. శవం రావడానికి నెల పడుతుందట.

"ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. పెండ్లి ఆగితే, అన్నను మింగి పీటలెక్కవోయిందని శోభను జన్మంత అంటరు. పిలగానికి గూడ సెలవు అయిపోతది. మస్కట్ పోయిండంటే మల్ల ఎన్నడస్తడో."

నా కోపం ఎటు పోయిందో! లోపలికి పోయి మా నాన్న చదివిన స్మృతి గ్రంథాలు దించాను. ఆ శ్లోకాలు నాకు కంఠస్థమే, కానీ చేతులకు ఏదో పని కావాలి కదా. మునులు గట్టి మనుషులే గానీ ఇక్కడ మాత్రం మెత్తబడ్డారు. దూరదేశంలో పోయినవాడి మైల, వార్త చెవిన పడ్డప్పటి నుంచే.

"విననోళ్లకు లేదు ఓదెలూ. కని నువ్వు విన్నవు. రేపు పెండ్లికొడుకు కాళ్లు కడుగరాదు. పందిట్లకు రారాదు. బిడ్డను ముట్టరాదు."

"అట్లనే."

"మరి కోడలికి?"

"శోభను అత్తగారింటికి తోలినంక నేనే చెప్త."

మొగుడు పోయిన సంగతి పెళ్లానికి దాచమని ఏ మునీ చెప్పలేదు. అది తెలిసీ సరేనన్నాను.

మర్నాడు నడుము పట్టిందని చెప్పి ఓదెలు పందిరి బయట గోడవారన కూర్చున్నాడు. బావమరిది శ్రీశైలం భార్యతో పీటల మీద కూర్చుని పెళ్లికొడుకు కాళ్లు కడిగాడు. "బిడ్డ పెండ్లినాడు గూడ తాగుడు ఆపలే" అని చుట్టాలు నవ్వుకుంటుంటే ఓదెలు భార్య భూదేవి కొంగుతో కళ్లు తుడుచుకుంది. వాళ్ల నోళ్లు మూయించాలని నా నాలుక ఎంత దురదపెట్టిందో నాకే తెలుసు.

అది చాలదన్నట్టు, పందిట్లోకి రంగులేసిన పెళ్లి కుండలు, ఐరేని కుండలు, ఎత్తుకొని తేవాల్సిన కోడలు భాగ్య ఎక్కడా కనబడలేదు. "ఆడిబిడ్డ పెండ్లంటె కండ్లల్ల నిప్పులు వోసుకుంటున్నది" అని భూదేవి తిట్టింది. నేనే వెతుక్కుంటూ పోయాను. బర్రెల కొట్టం దగ్గర నిలబడి ఉంది. చేతిలో అక్షింతలు పోయబోతే చటుక్కున వెనక్కి జరిగింది.

"నన్ను ముట్టద్దు అయ్యగారూ."

బయట చేరిందనుకున్నాను. ఇవాళే రావాలా అని విసుక్కున్నాను కూడా.

పెళ్లి అయిపోయింది. కారెక్కబోతూ శోభ, "నాయినా, దగ్గరికి గూడ రావా?" అని ఏడ్చింది. ఓదెలు దూరం నుంచే చెయ్యి ఊపాడు. ఆ పూట నేను చెప్పిన శాస్త్రం మీద నాకే అసహ్యం పుట్టింది.

కారు రోడ్డెక్కాక ఓదెలు కొట్టం దగ్గరికి నడిచాడు. నేనూ వెంట పోయాను. "భాగ్యా..." అన్నాడు.

"నాకెరుకే మామా" అంది ఆమె. "మొన్ననే ఫోనచ్చింది. పెండ్లి అయ్యేదాక ఇంట్ల చెప్పకని గా రూమాయనకు మొక్కిన. పొద్దుగాల నువ్వు కాళ్లు కడుగనంటే, నీక్కూడ తెల్సినట్టుందనుకున్న."

ఓదెలు కొట్టం గుంజను పట్టుకుని నిలబడ్డాడు. ఆమె నావైపు తిరిగింది.

"ఇగ నేను ఏడ్వచ్చునా అయ్యగారూ?"

ఎవరికెన్నాళ్లు మైలో, ఎవరు ఎప్పుడు స్నానం చేయాలో అడిగితే నిద్రలో లేపినా చెబుతాను. దీనికి నా దగ్గర ఏ శ్లోకమూ లేదు.

"ఏడ్వు బిడ్డా" అన్నాను.

ఒక్కసారిగా గొల్లుమంది. "మంచినాడు గా ఏడుపేందే?" అంటూ భూదేవి ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది.