పదకొండు మందికి ఒకే చెయ్యి

నాలుగో కాగితం మీద నత్తగుల్లలా గీత చుట్టి, పెద్దత్త కోడలు వేళ్లు విదిలించుకుంది.

"తొందరగా కానివ్వు తల్లీ! డాక్టరుగారు టీ తాగి వచ్చేస్తారు," అన్నాడు మేస్త్రీ, తలుపుకు వీపు ఆనించి.

అది థర్మామీటర్లు చేసే కార్ఖానా. లోపలి గదిలో పదకొండు మంది ఆడవాళ్లు గాజు గొట్టాల్లో పాదరసం నింపుతారు. ఆ రసం చూపుకు వెండి, గుణానికి దొంగ. పట్టుకోబోతే వేళ్ల సందుల్లోంచి జారి, నేల పగుళ్లలో దూరి, ఎండ ముదిరాక కంటికి కనబడకుండా గాలిలోకి లేస్తుంది. ఇరవై రెండేళ్లలో తాను పీల్చిందంతా పిండితే ఊరందరి జ్వరాలూ చూడొచ్చని, అందరిలోకీ పాత మనిషి పెద్దత్త చెబుతుండేది. విన్నవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు.

ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకు గాలిలో ఎంత రసం ఉంటే హాని లేదో, దేశమంతటికీ ఒక అంకె నిర్ణయించాలని ఆ డాక్టరు వచ్చాడు. గాలి కొలిచే పెట్టె తెచ్చి గది నడుమ పెట్టాడు. అతను అటు తిరగ్గానే మేస్త్రీ దాన్ని కిటికీ పక్కకు జరిపాడు. ఆ గదిలో మంచి గాలి పీల్చింది ఆ పెట్టె ఒక్కటే.

తర్వాత మనిషికో కాగితం ఇచ్చి, నడుమ నుంచి బయటికి నత్తగుల్లలా గీత చుట్టమని చెప్పి టీకి వెళ్లాడు డాక్టరు. రసం ఒంట్లో చేరితే చెయ్యి వణుకుతుంది, ఆ వణుకు గీతలో దొరికిపోతుంది. గాలిలో ఎంత రసానికి వణుకు మొదలవుతుందో చూసి, హద్దును దానికి బాగా కిందన పెడతారు.

ఇంత చెబితే ఆడవాళ్లకు అర్థమైంది ఒక్కటే. వణికితే ఈ గదిలోంచి తీసేస్తారు. ఇక్కడ రోజుకు ఆరు వందలు, పెట్టెలు కట్టే చోట మూడు వందల యాభై. అందుకే అందరూ తమ కాగితాలు పెద్దత్త కోడలి ముందు పెట్టారు. ఆమె పనిలో చేరి ఏడాదే అయింది. చెయ్యి నిలకడ.

"నాది కాస్త పెద్దగా చుట్టవే, నమ్మాలిగా!" అంది మూల కూర్చునే లావాటి ఆమె.

"నీ నత్తకు ఈ కాగితం చాలదు వదినా!" అంది పక్కనున్న ఆమె.

గది ఘొల్లుమంది. పెద్దత్త మాత్రం నవ్వలేదు.

"మేస్త్రీ, పదకొండూ నున్నగా ఉంటే ఏం రాసుకుంటారు?"

"ఏముంది, ఈ గాలికి ఎవరికీ ఏమీ కాలేదని రాసుకుంటారు. ఉన్న గాలే హద్దు. అయ్యగారికి కొత్త ఫ్యాన్ల ఖర్చు లేదు, నీకు పని పోదు."

"ఎన్నాళ్లకు?"

"పాత అంకె ముప్పై ఏళ్లు నడిచింది పెద్దత్తా. ఇదీ అంతే."

తొమ్మిదో కాగితం దగ్గర పెన్ను ఆగింది. నత్తగుల్ల చివరి చుట్టుకు రంపం పళ్లు మొలిచాయి.

"పెన్ను బాలేదు అత్తయ్యా," అంది కోడలు.

ఇంకో పెన్ను ఇచ్చారు. మళ్లీ పళ్లే.

"అలిసిపోయింది పిల్ల, అంతే," అన్నాడు మేస్త్రీ, అటు చూడకుండా.

పెద్దత్తకు పాత సంగతి గుర్తొచ్చింది. మొదటిసారి టీ ఒలికినప్పుడు తానూ గ్లాసునే తిట్టింది.

వరండాలో చెప్పుల చప్పుడు. పెద్దత్త కట్టలోంచి తన పేరున్న కాగితం లాగి నాలుగు ముక్కలు చేసింది.

"అత్తా, మా కడుపు కొట్టకు!" అంది లావాటి ఆమె, గొంతు తగ్గించి.

"మీవి మీ ఇష్టమే అమ్మా. నాది మాత్రం ఇంకో కాగితం అడిగి నేనే గీస్తా. తలుపు తియ్యి మేస్త్రీ."

"రేపు నీకు ఈ గదిలో పని ఉండదు, చూసుకో."

"తియ్యి నాయనా."

కోడలి చేతిలోని పెన్ను కోసం ఆమె చెయ్యి చాచింది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ ఆ పెన్ను బల్ల మీది గాజు గొట్టాలకు తగిలి టకటకలాడింది. అది ఎవరి వణుకో అత్తాకోడళ్లకే తెలియలేదు.

తలుపు బయట డాక్టరు పిలుస్తున్నాడు. మేస్త్రీ గడియ మీద చెయ్యి వేసి, అలాగే నిలబడ్డాడు.