తొందర బుర్ర

పిన్ని నోరు ఊరుకోలేదు, అదీ అసలు సంగతి. మనుషులు ఆలోచించే తీరు మీద పరిశోధన చేసే మనిషి, ఒక్క పరీక్షతో ఎవరి గురించీ ఏదీ తేల్చకూడదని విద్యార్థులకు గొంతు చించుకుని చెప్పే మనిషి, అక్క ఇంట్లో కూర్చుని చేసిన నిర్వాకం ఇది.

అప్పుడు అక్క కూతురు రెండో తరగతి. ల్యాబ్‌కు కొత్తగా గీయించిన బొమ్మల్ని సరిచూసుకుందామని పిన్ని దాన్ని కూర్చోబెట్టింది. పైన ఒక బొమ్మ, కింద దాదాపు అలాంటివే ఆరు. అచ్చం పైదానిలా ఉండేది ఒక్కటే. దాన్ని వేలితో చూపించాలి. బయట స్నేహితులు ఆటకు పిలుస్తున్నారు. పిల్ల టకటకా చూపించేసి, సగం తప్పులు చేసి, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

"మీ అమ్మాయిది తొందర బుర్రే అక్కా," అని నవ్వింది పిన్ని.

అక్క నవ్వలేదు. చదువుకున్న చెల్లెలి మాటాయె! పాలు ఒలికినా తొందర బుర్ర, లెక్క తప్పినా తొందర బుర్ర. బావయితే ముద్దుగా అలాగే పిలవడం మొదలుపెట్టాడు. నిజానికి కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్షించాలి. రెండుసార్లూ ఒకేలా వస్తేనే ఆ మాటకు విలువ. పిన్నికి తీరికే దొరకలేదు.

ఇప్పుడా పిల్ల ఎనిమిదో తరగతి. టీచరు అడిగితే నోరు విప్పదు. పరీక్షల్లో సగం పేపరు ఖాళీగా ఇచ్చి వస్తోంది. "బుర్ర మొద్దుబారిందంటున్నారే స్కూల్లో," అని అక్క ఫోన్లో ఏడ్చింది. పిన్ని వేరే బొమ్మలు పట్టుకుని వచ్చింది.

మొదటి కార్డు మీద పడవలు. పిల్ల వేలు చటుక్కున నాలుగో పడవ మీదికి వెళ్లింది. సరైనదే. అంతలోనే చురుక్కుమన్నట్టు వెనక్కి తీసేసుకుంది. ఒక్కో పడవనూ మొదటి నుంచి చూసింది, తెడ్లు, తెరచాప, జెండా. చాలాసేపటికి మళ్లీ ఆ నాలుగోదే చూపించి, పిన్ని ముఖంలోకి చూసింది. తర్వాతి కార్డులూ అంతే.

"ముందే కనిపెట్టావు కదే. వేలెందుకు తీశావు?"

"ముందు తట్టింది తప్పే అయ్యుంటుంది కదా పిన్నీ. నాది తొందర బుర్ర."

పిన్నికి ఏడుపొచ్చింది. "కాదమ్మా. ఆ రోజు నీకు ఆటకెళ్లాలని ఉంది, అంతే. నేనే తప్పు చెప్పాను. నీ బుర్ర బంగారం."

పిల్ల ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది.

"ఇది నువ్వు తొందరపడి చెప్పడం లేదు కదా పిన్నీ?" అంది, నిజంగానే తెలుసుకుందామని.