గంట అరిచిన గంటకి

పొద్దున్న ఆరింటికి కుక్క అరవగానే కోడలు లేచి ఖాళీ నీళ్ళ క్యాన్లు గుమ్మం దగ్గర పెట్టేది. ఏడింటికల్లా క్యాన్లాయన వచ్చేవాడు. ఏడున్నరకి ఇంకోసారి అరిచిందంటే, ఎనిమిదిన్నరకి ఎవరో ఒకావిడ జిప్పు పోయిన బ్యాగో, నడుము వదులు చెయ్యాల్సిన ప్యాంటో పట్టుకుని దిగుతుందన్నమాట. కోడలు ఇంట్లోనే మిషన్ పెట్టుకుని ఇలాంటి రిపేరు కుట్లు కుడుతుంది. వచ్చేవాళ్ళు ఇంకా స్నానం కూడా చేసుండరు, ఈవిడ ఇక్కడ సూదిలో దారం ఎక్కించి కూర్చునేది.

ఆ ఇంట్లో అంతే. ఎవరు లోపలికి రావాలన్నా సరిగ్గా గంట ముందు కుక్క అరుస్తుంది. అందుకే దాని పేరు గంట. క్యాన్లాయనకి రెండు పొడి అరుపులు. కొత్తవాళ్ళకైతే ఒక పొడుగు అరుపు, చివర్లో ఎవరండీ అని అడిగినట్టు పైకి లేస్తుంది. ఒక పిల్లి కూడా ఉంది, పేరు మేడం. మేడానికి మాత్రం గంట అరవదు. ఆవిడ మూడో అంతస్తు సజ్జ మీద నడిచి కిటికీలోంచి వస్తుంది, గుమ్మంతో ఆవిడకి పనిలేదు.

కుక్క అరవలేదా, ఇక ఎవరూ రారు. ఇంట్లోవాళ్ళు చెత్త పడేసి రావాలన్నా, తిరిగొచ్చేందుకు తమ అరుపు అయిందో లేదో చూసుకునే కిందికి దిగాలి. లేకపోతే ఏదో ఒకటి అడ్డం పడి, వెళ్ళిన మనిషి గంట దాకా ఇల్లు చేరదు. ఒకసారి పై అంతస్తాయన నిచ్చెన అడగడానికి అరుపు లేకుండానే వచ్చాడు. మూడుసార్లు గుమ్మం దాకా రావడం, మూడుసార్లూ ఏదో గుర్తొచ్చి వెనక్కెళ్ళడం. నాలుగోసారికి ఆయనే అర్థం చేసుకుని మెట్ల మీద కూర్చున్నాడు పాపం.

కోడలి భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళో అందరూ లిఫ్టాయన అంటారు. పది పన్నెండంతస్తుల గుంతలో తాడు పట్టుకుని వేలాడే పని. ఆయన కోసం గంట అరిచేది అరుపూ కాదు, ఆవలింతా కాదు, రెండూ కలిపి ఒకటి. సాయంత్రం ఐదుంబావుకి అది వినబడితే తప్ప కోడలికి మిషన్ మీద కాలు ఆడదు. అది వినబడిందంటే మనిషి క్షేమంగా బయటపడ్డాడు, ఇంటికొస్తున్నాడు. ఇక మిగిలిన గంటంతా హాయిగా కూనిరాగం తీసుకుంటూ కుట్టుకునేది. ఆ గంట కోసమే తను రోజంతా బతుకుతున్నానని ఒక్కోసారి అనిపించేది కోడలికి. పైకి ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారని.

కోడలికి ఎనిమిదో నెల పడగానే అత్తగారు వచ్చేసింది. ఈవిడ గురించి చెప్పాలి. బస్టాండులో ముప్పై ఏళ్ళు మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎన్నింటికొస్తుందో చెప్పిన మనిషి. చెప్పిన టైముకి ఒక్క బస్సూ రాలేదు, అది వేరే సంగతి. ఇంట్లో ఎవరొస్తున్నారో కుక్క చెప్పడం, అది పొల్లుపోకుండా జరగడం ఆవిడకి మొదటిరోజు నుంచీ మింగుడుపడలేదు.

"నాకు తెలిసిన రంపం మిల్లాయన ఒకాయన ఉన్నాడు," అంది ఒకరోజు, చిన్న బట్టలు మడతపెడుతూ. "దుంగల దగ్గర కాపలాకి కుక్క కావాలట. మంచి మనిషి, కడుపునిండా పెడతాడు."

"అదేం చేసింది అత్తయ్యా?"

"ఏం చెయ్యలేదమ్మా. రేపు పసిబిడ్డ పడుకుంటుందా? మనిషి వచ్చాక కుక్క అరిచిందనుకో, ఆ వచ్చినాయన్ని గుమ్మంలోనే ఆపి, బాబూ నెమ్మది అంటాం. ఇంకా రానే రాని మనిషికి అరిస్తే ఎవర్ని ఆపుతాం?"

కోడలు భర్త వంక చూసింది. ఆయన ఉయ్యాల మంచానికి మరలు బిగిస్తున్నాడు.

"అమ్మ చెప్పేదాంట్లో కూడా…" అని ఆ 'కూడా' దగ్గరే ఆగిపోయాడు, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగినట్టు. ఇక కిందికీ రాలేదు, పైకీ వెళ్ళలేదు. అత్తగారు దాన్ని సరే అనుకుంది. గురువారం నాలుగింటికి వ్యాను తెస్తానన్నాడు మిల్లాయన.

గురువారం పొద్దున్నుంచీ కోడలికి నడుము లాగేస్తోంది. రాత్రి నిద్రలేదు, దానికి తోడు వీపు ఆనుకోవడానికి లేని స్టూలు, అందుకే అనుకుంది. కాన్పుకి ఇంకా ఐదు వారాలుంది కదా. మూడింటికి గంట మిల్లాయన కోసం అరుస్తుంది, తనని తీసుకెళ్ళేవాడి రాకని అదే చెప్తుంది. అది తల్చుకుంటూ కోడలు కుట్టిన జిప్పే రెండుసార్లు తిరగేసి కుట్టింది.

రెండూ ఇరవైకి గంట లేచి నిలబడింది. పొడుగ్గా ఒక అరుపు అరిచింది, చివర్లో పైకి లేచింది. కొత్తమనిషి అరుపు.

"చూశావా, మిల్లాయన ముందే వచ్చేస్తున్నాడు," అంది అత్తగారు గడియారం చూసి. "మూడూ ఇరవైకల్లా ఉంటాడు. నాలుగన్నాడంటే మూడూ ఇరవైకి రావడం, అబ్బ, ఇలాంటివాళ్ళు మా డిపోలో ఒక్కరున్నా బాగుండేది." కుక్క గొలుసు తీసి తుడవడం మొదలుపెట్టింది.

కోడలు కుక్క వంకే చూస్తోంది. ఎవరికి అరిచినా గంట గుమ్మం వైపు తిరిగి అరుస్తుంది. ఇప్పుడు గుమ్మానికి వీపు పెట్టి నిలబడింది. మిషన్ వైపు తిరిగుంది. మిషన్ వైపు కూడా కాదు. ముక్కు సరిగ్గా తన పొట్టకి జానెడు దూరంలో ఉంది. తోక మెల్లగా ఊగుతోంది.

నడుంలో లాగుడు ఈసారి ముందుకి తిరిగి, పొట్ట మొత్తాన్ని పిడికిట్లో పట్టి నొక్కి వదిలింది. స్టూలు కింద తడిసింది.

"అత్తయ్యా," అంది కోడలు. "అది మిల్లాయన కోసం అరవలేదు."

అత్తగారు కుక్కని చూసింది, కోడల్ని చూసింది, నేలని చూసింది. చేతిలో గొలుసు అలాగే ఉంది.

"ఐదు వారాలుందన్నారు కదే."

"అన్నారు. మూడూ ఇరవైకి వస్తుంది."

ముందు లిఫ్టాయనకి ఫోన్ చేశారు. గుంతలో ఉన్నాడు, సిగ్నల్ లేదు. వాళ్ళ మేస్త్రీకి చేస్తే ఎత్తాడు. "పైకి లాగడానికి టైము పడుతుందమ్మా. ఇంటికి పంపనా?"

"ఆయనకింకా కుక్క అరవలేదు, ఇంటికి రాలేరు. నేరుగా ఆసుపత్రికి పొమ్మనండి," అంది కోడలు పళ్ళు బిగించి.

తర్వాత అంబులెన్సు. అవతల అమ్మాయి చాలా మర్యాదగా, "గంటలో వస్తారు మేడం," అంది.

"గంట ఇంకా అరవలేదమ్మా," అంది అత్తగారు.

"అర్థమైంది మేడం. అరిచిన గంటకి వస్తారు."

"మనమే కారు మాట్లాడుకుని పోదామా?" అంది అత్తగారు ఫోన్ పెట్టేసి. అడుగుతుంటేనే గొంతు పోతోంది, ముప్పై ఏళ్ళు బస్టాండంతా వినబడ్డ గొంతు.

"వచ్చే మనిషి ఈ ఇంట్లోకే వస్తుంది అత్తయ్యా. అది ఎప్పుడైనా తప్పు చెప్పిందా? బయల్దేరినా మెట్ల దగ్గరే ఏదో అడ్డం పడుతుంది. మెట్ల మీద కనలేను నేను."

అప్పుడు అత్తగారికి గుర్తొచ్చింది. ఎదురు ఫ్లాటులో నర్సమ్మ ఉంది. పాతికేళ్ళు కాన్పుల వార్డులో చేసిన మనిషి. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. "ఉండు, లేపుకొస్తా," అని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. తలుపు తీసింది. ఒక కాలు లేచింది.

"అత్తయ్యా, గడప దాటకండి."

కోడలు అరవలేదు. మామూలుగానే అంది. అందుకే వినబడింది.

"మీ అరుపు అవలేదు. మీరు దాటితే గంట దాకా లోపలికి రాలేరు. నేను ఒక్కదాన్నే ఉండిపోతాను."

అత్తగారు లేచిన కాలు లేచినట్టే వెనక్కి తెచ్చుకుని లోపల దించింది. గడప అవతల పడటానికి ఆ కాలు ఎంత దూరంలో ఆగిందో ఆవిడకే తెలుసు. ఎదురు తలుపు నాలుగడుగుల దూరం. పిలిచింది, పలకలేదు. గుమ్మం పక్కనున్న లిఫ్టాయన బూటు తీసి విసిరింది. తగల్లేదు. రెండో బూటు తలుపు మధ్యలో తగిలింది.

నర్సమ్మ జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. "ఎవరిదా బూటు?"

"మా అబ్బాయిది. అమ్మాయికి నొప్పులు. మూడూ ఇరవైకి అంది కుక్క."

నర్సమ్మ గబగబా గడప దాకా వచ్చి ఆగింది. "నాకు అరిచిందా?"

"లేదు."

"అయ్యో రామ. మరి నేనెలా వచ్చేది? కిటికీలోంచి రావడానికి నేనేమన్నా మేడాన్నా?" తన ఇంట్లోంచి కుర్చీ లాక్కొచ్చుకుని, గడపకి అవతల అడుగు దూరంలో వేసుకుని కూర్చుంది. "సరే. నేను ఇక్కణ్ణుంచి చెప్తా. చేసేది మీరు."

"నేనా?" అంది అత్తగారు. "నాకేం తెలుసు? మా వాణ్ణి కోసి తీశారు. మత్తు దిగేసరికి పక్కన ఉన్నాడు. రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి."

"తిరగనివ్వండి. చేతులు మాత్రం తిరక్కూడదు. సబ్బుతో మోచేతులదాకా కడగండి. తువ్వాళ్ళు ఎన్నుంటే అన్ని తెండి. పరుపు లాగి ఇటు నాకు కనబడేలా వెయ్యండి."

మూడింటికి గంట గుమ్మం వైపు తిరిగి రెండుసార్లు అరిచింది, రెండూ కొత్తమనుషుల అరుపులే. అంబులెన్సులో వచ్చే ఇద్దరు. అంటే నాలుగింటికి. కోడలు నొప్పుల మధ్యలోనే లెక్క వేసుకుంది. మూడూ ఇరవై నుంచి నాలుగు దాకా నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ పసిగుడ్డు, తనూ, రక్తం చూడలేని అత్తగారూ. కుక్క వస్తుందని చెప్పింది. ఎలా వస్తుందో చెప్పలేదు. ప్రాణంతో వస్తుందా అన్నది ఆ అరుపులో ఎక్కడా లేదు. ఆ ఆలోచన వచ్చాక ఇక పోలేదు. పైకి అనడానికి భయపడి పెదవి కొరుక్కుంది.

"ముక్కమ్మా, సిగ్గుపడకు," అంటోంది నర్సమ్మ అవతల్నుంచి. "ఏం కనబడుతోంది?"

"జుట్టు," అంది అత్తగారు. "నల్లగా. తల. తల వచ్చిందండీ. మెడ చుట్టూ ఏదో తాడు."

నర్సమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండు చేతులతో అటూ ఇటూ గుమ్మం చెక్కల్ని పట్టుకుంది, ముందుకి పడిపోకుండా.

"అది బొడ్డుతాడు. అమ్మాయ్, ముక్కకు, ఊపిరి వదులు. పెద్దమ్మగారూ, నా మాట వినండి. తాడు కింద వేలు దూరుతుందా?"

"దూరింది."

"కొంచెం వదులు చేసి తల మీదుగా ఇవతలికి జార్చండి. లాగొద్దు, కొక్కెం మీంచి చొక్కా తీసినట్టు తియ్యండి."

అత్తగారి మొహం కాగితంలా పాలిపోయింది. చేతులు మాత్రం వణకలేదు. తాడు జారింది. "ఇప్పుడు ముక్కమ్మా," అంది నర్సమ్మ. కోడలు ముక్కింది, ఇల్లంతా తనలోంచే బయటికి పోతున్నట్టు. బిడ్డ అత్తగారి చేతుల్లోకి జారింది. గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

ఏడవలేదు.

"నీలంగా ఉంది," అంది అత్తగారు. "ఏడవట్లేదు."

"తువ్వాలుతో వీపు రుద్దండి. గట్టిగా. అంట్లు తోమినట్టు రుద్దండి, అరిగిపోదు."

అత్తగారు రుద్దింది. కోడలు మోచేతుల మీద లేవబోయి లేవలేక బిడ్డని కళ్ళతోనే లాక్కుంటోంది. అత్తగారు రుద్దుతూ రుద్దుతూ మాట్లాడటం మొదలుపెట్టింది, బస్టాండు గొంతుతో. "వచ్చావుగా తల్లీ, టైముకే వచ్చావు. వచ్చినదానివి పలకాలి. ఇక్కడందరం నీకోసమే కూర్చున్నాం. పలుకు."

బిడ్డ చిన్నగా తుమ్మింది. ఆ తర్వాత నోరు తెరిచి మొత్తం మూడో అంతస్తుకి వినబడేట్టు అందుకుంది. ఆడపిల్ల. నర్సమ్మ కుర్చీలో కూలబడి, "తాడు కొయ్యకండి, తల్లి గుండె మీద వెయ్యండి, కప్పండి," అని గబగబా చెప్పి, అప్పుడు చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ ఏడుపుకి మేడం సజ్జ మీదికి పోయింది. గంట మాత్రం పరుపు పక్కన పడుకుని తల కాళ్ళ మీద పెట్టుకుంది.

నాలుగింటికి అంబులెన్సు వాళ్ళిద్దరూ వచ్చారు. బొడ్డు కోశారు, ఇద్దర్నీ చూశారు, ఇద్దరూ బాగున్నారన్నారు. కోడల్ని స్ట్రెచరు మీదికి ఎత్తుతుంటే అత్తగారి ఫోన్ మోగింది. ఆవిడ చేతులు ఇంకా తడి, స్పీకరు నొక్కింది. రంపం మిల్లాయన.

"వచ్చేశానమ్మా, మీ సందు మొగలోనే ఉన్నా. ఏదో అంబులెన్సు అడ్డంగా ఉంది. ఒక్క రెండు నిమిషాల్లో పైకొచ్చేస్తా."

కోడలు బిడ్డ మీదున్న చెయ్యి కదపకుండా అత్తగారి మొహం వంక చూసింది.

"మీరు రారండీ," అంది అత్తగారు.

"అదేంటమ్మా, వచ్చేశాననే చెప్తున్నా. ఇదిగో, మీ బిల్డింగు కనబడుతోంది కూడా."

"మీకు అది అరవలేదు."

అవతల వ్యాను ఇంజను శబ్దం మాత్రం వినబడింది. "ఓహో, అలాగా," అన్నాడు చివరికి. "అయితే మూడింటికి అరవలేదంటారు. మరి రేపు రమ్మంటారా?"

"రేపూ అరవదు. ఎల్లుండీ అరవదు. నాకు తెలుసు కదండీ, ముప్పై ఏళ్ళు అదే పని చేశాను." అత్తగారు మోచేత్తో నుదురు తుడుచుకుని ఫోన్‌కి ఇంకాస్త దగ్గరగా వంగింది. "జాగ్రత్తగా వెనక్కి తిప్పుకోండి. సందు ఇరుకు. మా పిల్ల కిందికి దిగుతోంది, దారి కావాలి."