రెండూ పదికి వచ్చిన చుక్క

ఆఫీసులో ఆమెను అందరూ పట్టికలమ్మ అంటారు. నది నీటిమట్టాలను కనిపెట్టి ఉండే ఆఫీసు అది. వచ్చిపడే అంకెల్ని పట్టికల్లో కుదురుగా కూర్చోబెట్టడం ఆమె ఉద్యోగం. ఆరోజు నాలుగింటికి పైఅధికారులు వస్తున్నారు. ఈలోగా క్లౌడులో ఉన్న డేటాబేస్‌ను కొత్త డ్యాష్‌బోర్డుకు కలిపి, నది నడకంతా గోడ మీది పెద్ద తెరపై గీతలుగా చూపించాలి.

"ఈ ఏడాదివి చాలమ్మా," అన్నారు ఇంజనీరుగారు తలుపు దగ్గర నిలబడి. "పాత పుట్టలు తవ్వితే పాములొస్తాయి."

పని తగ్గించే మాట ఏదైనా ఆయన నోట సామెతలాగే వస్తుంది. ఆమె నవ్వింది. ఆమెకు పాతవే కావాలి. పాతవాటిలో బావ ఉన్నాడు.

బావంటే అక్క మొగుడు. ఎగువన కొండల మధ్య, కొలబద్ద పక్కన ఉన్న గదిలో కాపలా ఉండి, నీటిమట్టం చూసి చేతి యంత్రంలో కొట్టి పంపేవాడు. అక్కడ ఫోన్లు పలకవు, ఆ యంత్రమొక్కటే దిక్కు. మూడేళ్ళ కిందట వరద వచ్చింది. మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి. ముప్ఫై ఒక్కమంది పోయారు. బావ ప్రమాద సూచన మాత్రం రెండూ పదికి చేరింది. సైరన్ మోగించే మనిషి కూడా విచారణలో అదే చెప్పాడు: "రెండూ పదికే నా తెర మీద పడిందండీ." కాపలావాడు నిద్రపోయాడని తేల్చారు. కాదని చెప్పడానికి బావ లేడు. గదితో పాటే కొట్టుకుపోయాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, బావ విషయంలో ఊరు ఆపాటి మర్యాద కూడా చూపలేదు. నిద్రమొహం అని పేరు పెట్టింది. అక్క బజారుకు వెనక వీధుల్లోంచి వెళ్ళడం నేర్చుకుంది. ఆమె కూతురు బడి మారింది. అక్కది మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "పని దగ్గర కునుకు తీసే మనిషి కాదే ఆయన."

"అలసిపోయి ఉంటాడులే అక్కా," అని పట్టికలమ్మ ఓదార్చేది. "మనిషన్నాక నిద్రపోడా?"

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచారు. ఆమె డేటాబేస్ చిరునామా, సంకేతపదం కొట్టింది. తాళం పడినట్టుగా డేటాబేసూ డ్యాష్‌బోర్డూ కలిశాయి. అందులో రెండు పట్టికలు. ఒకటి బావ చేత్తో కొట్టిన మట్టాలు. రెండోది ఆ గది గోడకున్న బ్యాటరీ పెట్టె, అయిదు నిమిషాలకోసారి "నేనున్నాను" అని పంపిన సంకేతాలు. బ్యాటరీ పెట్టె ఊసు ఎవరికి కావాలి? విచారణలో కూడా దాన్ని తెరవలేదు. తెర కింద ఖాళీ వెలితిగా ఉందని, అందం కోసం ఆమె దాన్ని పచ్చగీతగా పెట్టింది. దాని పైన బావ మట్టాలు నీలి చుక్కలు.

వరద రోజు దగ్గర ఆగింది. పచ్చగీత పదకొండూ నలభై అయిదుకు తెగిపోయింది. అంటే గది పోయింది. సాయంత్రం దాకా నిలిచిందని ఊరంతా అనుకున్న గది.

నీలి చుక్కలు మాత్రం తెగలేదు. రెండూ పదికి ఒకటి, రెండూ నలభైకి ఒకటి. అలా అరగంటకోటి, అయిదూ పది దాకా ఏడు చుక్కలు. లేని గదిలో కూర్చుని, లేని మనిషి మూడు గంటలపాటు నీటిమట్టం పంపుతున్నాడు. ఆమె పట్టపగలే లేచి గదిలో దీపాలన్నీ వేసింది.

మొదటి చుక్క మీద బాణం గుర్తు పెడితే చిన్న పెట్టె తెరుచుకుంది. బావ రాసిన మాట అందులో ఉంది. విచారణకు పట్టిక అచ్చుతీసి ఇచ్చింది ఆమే. కాగితంలో పట్టడం లేదని ఆ మాటలున్న నిలువు వరుస తీసేసిందీ ఆమే.

"ప్రమాద గుర్తు దాటింది. సైరన్ వెయ్యండి."

రెండోది: "సైరన్ వినపడలేదు." మూడోది: "ఇంకా వినపడలేదు." ఏడోది: "నీళ్ళు గడప దాటాయి. చూస్తున్నారా?"

"చూస్తున్నా బావా," అంది ఆమె పైకే. అని, తన గొంతుకు తానే ఉలిక్కిపడింది.

అయిదూ పదిలోంచి అయిదున్నర గంటలు తీసేస్తే పదకొండూ నలభై. గది పోవడానికి అయిదు నిమిషాల ముందు. అయిదున్నర గంటలు అనగానే ఆమెకు తట్టింది. ప్రపంచ గడియారం మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనక. బ్యాటరీ పెట్టె ప్రపంచ సమయం పంపుతుంది, దానికి అయిదున్నర కలపాలి. బావ యంత్రం మన సమయమే పంపేది, దానికి ఏమీ కలపకూడదు. వరదకు ఎనిమిది రోజుల ముందు వీటిని క్లౌడులోకి మార్చింది ఎవరు? పెట్టె ఒక్కదాన్నే పరీక్షించి, సరిపోయిందని రెండింటికీ "అయిదున్నర కలుపు" అని టిక్కు పెట్టింది ఎవరు? "కొంపలేమీ మునగవులే, కానిచ్చెయ్," అన్నారు ఆనాడు ఇంజనీరుగారు.

కొంపలు మునిగాయి. సైరన్ గదిలోని తెర ఇప్పటిదాకా జరిగినవే చూపిస్తుంది, రాబోయే సమయాన్ని చూపించదు. బావ ఎనిమిదీ నలభైకి పంపిన కేక మీద రెండూ పది అని ముద్ర పడింది. రెండూ పది అయ్యేదాకా అది చీకట్లో కూర్చుంది. అంతకుముందు ఎనిమిది రోజులూ ఆయన మట్టాలు అలాగే కూర్చున్నాయి, కానీ నది నెమ్మదిగా ఉన్నప్పుడు పాత మట్టమైనా కొత్త మట్టమైనా ఒకటే కదా.

ఈ ఏడాదివి చాలన్నారు. పాతవాటి పక్కనున్న గుర్తు తీసేస్తే సరి, అన్నీ మాయమవుతాయి. ఆమె వేలు దాని మీదే చాలాసేపు ఉంది. భయం వేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది. ఆ వేలితోనే అక్కకు ఫోన్ చేసింది.

అక్క మూడింటికి వచ్చింది, వెనక మెట్ల మీదుగా. చెల్లెలు చెప్పిందంతా నిలబడే వింది. ఏడు చుక్కలూ ఒక్కొక్కటే చదివింది. చివరిదాని దగ్గర తెరను అరచేత్తో తాకింది.

"చెప్పానా," అంది. "కునుకు తీసే మనిషి కాదని చెప్పానా?"

"చెప్పావక్కా."

"ఆ టిక్కు ఎవరు పెట్టారే?"

"నేనే."

అక్క వెనక్కి తిరగలేదు. తెరలోని వెలుగు ఆమె ముఖం మీద నీలంగా పడుతోంది.

"ముందు ఆయన సంగతి అందరికీ చెప్పు," అంది చివరికి. "నీ సంగతి తర్వాత చూసుకుందాం."

అని వెనక వరసలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

నాలుగింటికి అధికారులు వచ్చారు. ఇంజనీరుగారు తెరవైపు చూసి, ఆ తేదీ గుర్తుపట్టి, "అది తీసెయ్యమ్మా," అన్నారు మెల్లగా. పట్టికలమ్మ తియ్యలేదు. బాణం గుర్తును ఏడో చుక్క మీదికి తెచ్చి, పెట్టె తెరుచుకున్నాక, బావ మాటల్ని వెనక వరసకు కూడా వినపడేలా చదివింది.

"నీళ్ళు గడప దాటాయి. చూస్తున్నారా?"