అక్క మాటతీరు

కథ తిరిగొచ్చింది. జిరాక్సు కొట్టు నడిపే ఆ చెల్లెలికి అదేం కొత్త కాదు. గిరాకీ లేని గంటల్లో, పాడైన కాగితాల వెనకవైపు ఆమె రాసే కథలు చాలావరకు వెళ్ళిన దారినే తిరిగొచ్చేవి. ఈసారి మాత్రం వారపత్రిక సంపాదకుడు అంచున రెండు వాక్యాలు రాసి పంపాడు. "చెల్లెలి మాటలు బాగున్నాయి. అక్క నోరు విప్పితే మాత్రం మీరే మాట్లాడుతున్నట్టుంది."

నిజమే మరి. అక్క ఆమెతో మాట్లాడి ఆరేళ్ళయింది. పెళ్ళికి ముందు అక్క ఎవరినో నమ్మి ఇల్లు వదిలి వెళ్ళి, నాలుగో రోజున తిరిగొచ్చింది. ఆ సంగతి నాలుగు గోడలు దాటలేదు. చెల్లెలు దాన్ని పేర్లు మార్చి కథగా రాసేసింది. పేర్లు మారిస్తే సరిపోతుందా? అక్క కుట్టే యూనిఫాంలు, కనుబొమ మీది మచ్చ, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కథ అచ్చయింది, వీధి వీధంతా చదివింది. ఆ రోజు నుంచి అక్కకు చెల్లెలు లేదు.

ఇప్పుడీ కొత్త కథలో ఇద్దరూ కలుసుకుంటారు. కలిసినప్పుడు అక్క ఏమంటుంది? చెల్లెలు పదకొండు రకాలుగా రాసింది. ఒకసారి అక్క క్షమించింది, ఒకసారి తిట్టిపోసింది, ఒకసారి భోరుమంది కూడా. ఎంత ఏడిపించినా ఆ మనిషి కాగితం మీద కదల్లేదు. అక్క ముఖం గుర్తుంది, నడక గుర్తుంది. మాట ఎటు తిరిగి ఎక్కడ ఆగుతుందో మాత్రం గుర్తు రావడం లేదు. చెల్లెలికి భయమేసింది. కథ సంగతి దేవుడెరుగు, ఆ గొంతు మళ్ళీ వినాలని ప్రాణం కొట్టుకుంది.

మర్నాడు కొట్టు మూసి, రెండు బస్సులు మారి, అక్క కుట్టుకొట్టు దగ్గర దిగింది. లోపలికి వెళ్ళే ధైర్యం లేక, పక్కన గొడుగులు బాగుచేసే అతని బల్ల మీద కూర్చుని చెవులు రిక్కించింది.

లోపల అక్క ఎవరితోనో అంటోంది: "పిల్లాడు పెరుగుతాడమ్మా, బట్ట పెరుగుతుందా? అందుకే మడత ఎక్కువ పెట్టాను. వచ్చే ఏడు విప్పుకో. విప్పడం రాదంటావా, నా దగ్గరికే తీసుకురా, నాలుగు చివాట్లు తిని పోదువుగాని."

చెల్లెలికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా, చెయ్యి దానంతటదే సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. రాసుకుంటుండగా కాగితం మీద నీడ పడింది. తలెత్తితే ఎదురుగా అక్క, మెడలో టేపు.

"పుస్తకం కూడా తెచ్చుకున్నావూ! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఇంకా మానలేదన్నమాట."

"అక్కా..."

"ఉండు. నువ్వు రాసినవన్నీ చదివాను. అచ్చయిన ప్రతీదీ. నీకు రాయడం వచ్చు, కాదనను. నా గురించి రాసిందీ బాగానే రాశావు." కాసేపు ఆగింది. "అదే నా ఖర్మ." టేపు వేళ్ళకు చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "ఒక్కటి చెప్పు. నాకోసం వచ్చావా, కథకోసం వచ్చావా?"

చెల్లెలు జవాబు చెప్పలేదు. చెప్పకూడదని కాదు. 'అదే నా ఖర్మ' అనే ముందు అక్క ఎంతసేపు ఆగిందో, టేపు ఎన్నిసార్లు చుట్టిందో మనసులో రాసుకుంటోంది. అక్క ఆమె ముఖంలోకి చూసింది, ఆ రాతంతా చదివేసింది.

"సరే" అని లోపలికి వెళ్ళిపోయింది.

కుట్టుమిషను మోత మొదలైంది. చెల్లెలు గుమ్మందాకా పరుగెత్తి పిలిచింది. రెండుసార్లు పిలిచింది. మిషను ఆగలేదు.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంది. ఈసారి అక్క పక్కనే నిలబడి చెప్తున్నట్టు మాటలు దొర్లాయి. ఒక్క కొట్టివేత లేదు. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు కనిపించనంతగా కళ్ళు నిండాయి.

"నీకోసమే అక్కా" అంది కథలోని చెల్లెలు, క్షణమైనా ఆలస్యం చేయకుండా.

అక్క మాటల్లో ఒక్కటీ ఆమె కల్పించింది కాదు. కల్పించిందల్లా ఆ ఒక్క జవాబే.