పొట్టు తీయని రొట్టె

బుడన్ సాబ్ రొట్టెల భట్టిలో నాది జల్లెడ పట్టే పని. గిర్నిలో పట్టించిన గోధుమపిండి పొద్దున్నే మూటలుగా వచ్చేది. దాన్ని ముందు ఇనుప జల్లెడలో, తరవాత పల్చటి గుడ్డలో జల్లించి, పొట్టు అనేది ఒక్క రేకు కూడా లేకుండా తీసి ఇవ్వాలి. సాయంత్రానికి నా కనురెప్పలు కూడా తెల్లబడేవి. జల్లెడలో మిగిలిన పొట్టు మాత్రం నాదే. జీతం కాక అది పైగా వచ్చేది. ఇంటికి తెచ్చి బర్రెకు కుడితిలో కలిపేదాన్ని.

అది ఆంధ్రప్రదేశ్ అయిన మూడో ఏడు. మంచిర్యాల అవతల బొగ్గుబావుల ఊళ్లో ఉండేవాళ్లం. ఎక్కడెక్కడి మనుషులో వచ్చి చేరిన ఊరు. ఎవరి తిండి వాళ్లది, కానీ డబల్ రొట్టె విషయంలో అందరిదీ ఒకే మాట. అది జబ్బు మనుషుల తిండి. జ్వరమొచ్చినా, కాన్పు అయినా పాలలో ముంచి తినిపించేవాళ్లు. ఎంత తెల్లగా ఉంటే కడుపుకు అంత తేలిక అని నమ్మకం. బాగున్న మనిషి రొట్టె కొనడానికి వస్తే, ఇంట్లో ఎవరికి బాగా లేదని పక్కవాళ్లు అడిగేవాళ్లు. నేనూ అట్లాగే అనుకున్నాను. మా ఆయన మంచాన పడ్డప్పుడు ఆ రొట్టెనే పట్టుకుపోయాను.

మా ఆయన పేరు మొగిలి. ఆ వానాకాలం బొగ్గుబావిలో పని చేస్తుంటే పైనుంచి బండ పెళ్ల ఊడి మీద పడింది. తుంటి ఎముక విరిగింది, ముందు పళ్లు మూడు పోయాయి, దవడ వాచింది. దవాఖానలో నడుము నుంచి కాలిదాకా సిమెంటు కట్టు కట్టి, ఆరు వారాలు వెల్లకిలా పడుకోవాలన్నారు. నమిలే శక్తి లేదు. జొన్నరొట్టె లేదు, చపాతీ లేదు. పాలలో నానిన డబల్ రొట్టె ఒక్కటే మింగగలిగేవాడు.

చూస్తే ఆరడుగుల మనిషి, సిగ్గు మాత్రం కొత్త కోడలికున్నంత. ఆ వార్డులో ఇరవై మంచాలు, మధ్యలో చిన్న తెర కూడా లేదు. దొడ్డికి రావాలంటే ఎనామెలు గిన్నె అడగాలి, ఎవరో ఒకరు నడుము కింద పెట్టాలి. ఈయన అడిగితే కదా! తినకపోతే ఆ అవసరమే రాదని తనకు తనే లెక్క వేసుకున్నాడు. నాలుగో రోజు దుప్పటి మారుస్తుంటే తలగడ కింద మూడు రొట్టె ముక్కలు దొరికాయి, ఎండి పెంకుల్లా ఉన్నాయి.

"ఇదేంది? తిన్న అన్నవు గదా!"

"మెల్లగ, మెల్లగ," అన్నాడు పక్క మంచం వైపు చూస్తూ. "ఆకలి లేదే."

"ఆకలి లేదా, సిగ్గయితుందా?"

మొహం గోడకు తిప్పుకున్నాడు.

తొమ్మిదో రోజుకు కడుపు డప్పులా బిగిసింది, ఒళ్లు కాలిపోతోంది. డాక్టరమ్మ గుంటూరు వైపు ఆవిడ. వచ్చి పొట్ట నొక్కి చూసి నా మీద విరుచుకుపడింది.

"ఏం పెడుతున్నావమ్మా ఇతనికి?"

"డబల్ రొట్టె, పాలు. మంచి తెల్లటి రొట్టె తెస్తున్నానమ్మా. నేనే జల్లెడ పడుత."

"అదే కొంప ముంచింది. పొట్టంతా తీసేసిన పిండి లోపల బంకలా పట్టుకుంటుంది. అసలే కదలని మనిషి. పొట్టులో ఉండే పీచు నీళ్లు పట్టి ఉబ్బితేనే పేగు కదిలేది. ఇవాళ్టికి ఎనిమా ఇస్తాను. రోజూ ఎత్తి దించుతూ ఇవ్వడం కుదరదు, ఎముక పక్కకు జరుగుతుంది. ముక్కినా ప్రమాదమే. జరిగిందంటే ఇక నడవడు. పొట్టున్నది పెట్టు, నీళ్లు బాగా తాగించు."

ఏ పొట్టు ఆయన కడుపులోకి పోవాలో దాన్ని రోజంతా కూర్చుని నా చేతులతోనే ఏరి తీసి బర్రెకు వేస్తున్నాను.

ఆ సాయంత్రమే గుప్పెడు పొట్టు పాలలో కలిపి తీసుకుపోయాను. ఒక గుక్క మింగాడో లేదో, గొంతుకు అడ్డం పడి దగ్గీ దగ్గీ నా చీర మీదే ఉమ్మేశాడు.

"నన్నేమన్న బర్రె అనుకున్నవానే? ఇంటికాడ ఒకటున్నది చాలదా?"

పక్క మంచం మనిషి పగలబడి నవ్వాడు. ఆయన ఇక గ్లాసు ముట్టలేదు. పొట్టు రొట్టెలోనే ఉండాలి, రొట్టె మెత్తగానే ఉండాలి. తెల్లారి పనిలోకి పోగానే బుడన్ సాబ్‌ను పట్టుకున్నాను.

"సాబ్, ఒక్క రొట్టె పొట్టుతోని చేసియ్యి. జల్లెడ పట్టకుంట."

సాబ్ పిండి చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. "ఏం మాట్లాడుతున్నవ్ దేవవ్వా? బుడన్ సాబ్ రొట్టెల తవుడు కలుపుతుండని ఊరంత అంటరు. మా బాప్ కాలంనుంచి తెల్లరొట్టె అంటెనే మాకు పేరు."

"ఊరికి కాదు సాబ్. ఆయినెకు ఒక్కనికే." డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

సాబ్ నన్ను గోధుమ బస్తాల దగ్గరికి తీసుకుపోయి, ఒక బస్తా మూతి విప్పి గుప్పెడు నా ముక్కు దగ్గర పెట్టాడు. గోధుమల వాసన కాదు, మందు వాసన. అరచేతికి తెల్లటి పొడి అంటింది.

"పురుగు పట్టద్దని గోధుమలమ్మే సేటు గోదాంల మందు చల్లుతుండు, ఈ మధ్యనే షురూ చేసిండు. మందు ఏడుంటది? గింజ మీద. పొట్టంటే ఏంది? గింజ మీది తోలే గదా. పిండి లోపలిది, జర నయం. గీ పొట్టు మనిషికెట్ల పెడుతం? అండ్ల జబ్బు మనిషికి!"

"మరి నా బర్రె?"

సాబ్ తల దించుకున్నాడు. పది రోజులుగా అది కుడితి గోలెంలో మూతి పెట్టి ఊరికే తీసేస్తోంది. ఆయన కనబడక బెంగ పెట్టుకుందని అనుకున్నాను. నోరు లేని జీవానికి తెలిసింది, నాకు తెలియలేదు.

"మందు తగలని గోధుమలు తే," అన్నాడు సాబ్. "భట్టి నాది, కట్టెలు నావి. ఎన్నిసార్లు చెడిపోయినా మంచిదే, చేద్దాం."

నా పుట్టిల్లు ఇచ్చోడ. అటు పోయే లారీలో నన్ను కన్న మా అవ్వకు కబురు పంపాను. మూడో రోజు అవ్వ నెత్తిన మూటతో దిగింది. మా అవ్వ పేరు చంద్రవ్వ. దిగడంతోనే భట్టి ముందు కూర్చుని మూట విప్పింది. గోధుమలు, మధ్య మధ్యలో ఎండిన వేపాకు.

"చూస్కో సాబ్. చేన్ల పశుల పెంటేసినం, గుమ్మిల యాపాకు, పొయ్యి బూడిద ఏసినం. ఇంకో మందు ముట్టలే. నోట్లేసుకొని చూడు."

సాబ్ నాలుగు గింజలు నమిలి, "మీఠా ఉన్నయ్," అన్నాడు.

కడిగి ఆరబెట్టి విసుర్రాయిలో నేనే విసిరాను. జల్లెడ పట్టకుండా, కల్లు మడ్డి వేసి పులియబెట్టి, భట్టిలో పెట్టాం. తీసి చూస్తే పొంగనే లేదు. సాబ్ బల్ల మీద కొట్టాడు, ఠంగుమంది.

"రొట్టె ఇది? గోడ కట్టుకునే ఇటుక."

"నీ రొట్టె ఊదితె ఎగిరిపోతది సాబ్," అంది అవ్వ. "గాలి అమ్ముకొని బతుకుతున్నవ్, మమ్ములను అంటవా?"

మాటకు మాట బాగానే ఉంది, కానీ ఆ ఇటుకను పళ్లు లేని మనిషికి పెట్టలేం. ముక్క విరిచి చూస్తే పొట్టు రేకులు చాకుల్లా ఉన్నాయి. పిండి సాగి పొంగబోతే అవే కోస్తున్నాయని సాబ్ అన్నాడు. అప్పటికి ఎనిమా ఇచ్చి అయిదు రోజులు. వేరే దిక్కులేక పెడుతున్న తెల్లరొట్టెను ఆయన మళ్లీ తలగడ కింద దాయడం మొదలుపెట్టాడు.

ఇంటికి పోయి గోలెం కడుగుతుంటే అడుగున, భట్టి పొట్టు మానేసి బర్రెకు పెడుతున్న వడ్ల తవుడు చేతికి తగిలింది. పొడిగా వేస్తే బర్రెకు నోట్లో గుచ్చుకుంటుందని ముందే నానబెట్టడం చిన్నప్పటినుంచీ అలవాటు. నీళ్లు తాగి ఉబ్బి, వెన్నలా జారిపోతోంది. చేయి గోలెంలో ఉండగానే పెద్దగా అరిచాను. "అవ్వా, లే! గోధుమలు ఇసురుదాం!"

ఆ పిండిని జల్లెడ పట్టి, పొట్టును వేరే గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి నానబెట్టాను. తెల్లారి నానిన పొట్టును తిరిగి పిండిలో పోస్తుంటే సాబ్ నెత్తి పట్టుకున్నాడు.

"తీసుడెందుకు, మళ్ల కలుపుడెందుకు? పాగల్ అయినవా?"

"జర ఆగు సాబ్. బర్రె తినే తీరు నీకు తెల్వది."

తెల్లరొట్టె కన్నా చాలాసేపు పట్టింది. ఒకసారి పొంగింది, అణిచి మళ్లీ పెట్టాం, మళ్లీ పొంగింది. మధ్యాహ్నానికి బెల్లం రంగులో బయటికొచ్చింది. తెల్లరొట్టె అంత ఎత్తు లేదు, కానీ వేలితో నొక్కితే లోపలికి పోయి మెల్లగా పైకి లేచింది. సాబ్ ఒక ముక్క తిని, ఇంకో ముక్క తీసుకున్నాడు. అవ్వ ఆయన చేతి మీద కొట్టింది.

"పెట్టు కింద! అది మా అల్లునిది."

దవాఖానకు పోయేసరికి ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. పాలలో ముంచి నోటికి అందించాను. చప్పరించాడు, కళ్లు తెరిచాడు.

"ఇదెక్కడిది? ఇండ్ల రుచున్నది."

"మా అవ్వ గోధుమలు. పొట్టు తియ్యలే. నువ్వు దాస్తే నేను నడుచుకుంట ఇచ్చోడకు పోత, మళ్ల రాను. ఆమె అంత దూరంనుంచి నెత్తిన మోసుకొచ్చింది."

నాలుగు ముక్కలు తిన్నాడు. రెండు చెంబుల నీళ్లు తాగించాను. రాత్రికి మళ్లీ పెట్టాను, తెల్లారి మళ్లీ పెట్టాను. రెండో రోజు పొద్దున రొట్టె విరుస్తుంటే ఆయన నా చీర కొంగు పట్టి లాగాడు. చెమట పట్టి ఉంది.

"ఏమైంది? నొస్తుందా?"

కాదని తల ఊపాడు. మంచం కింద ఉన్న గిన్నె వైపు కళ్లతో చూపించాడు.

పెళ్లయి ఎనిమిదేళ్లు, ఆ మనిషి నన్ను నోరు తెరిచి అడిగింది తక్కువ. గిన్నె సర్ది, దుప్పటి కప్పి, నా కొంగు విప్పి మంచానికి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాను. పందొమ్మిది మంచాలూ మావైపే చూస్తున్నాయి.

"ఏమే," అన్నాడు మెల్లగా, "ఏమన్న మాట్లాడు. గట్టిగ. అందరికి ఇనబడేటట్టు."

మాట్లాడమంటే నాకేం తక్కువ? ఎత్తుకున్నాను. అవ్వ లారీ దిగినప్పటినుంచి మొదలుపెట్టి, ఆమె సాబ్ చేతి మీద కొట్టడం, సాబ్ ఇటుకను బల్ల మీద కొట్టడం, డ్రైవర్ దారి పొడుగునా పాడిన పాట, అన్నీ వార్డు చివరిదాకా వినబడేట్టు చెప్పాను. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి ఏం గొడవ అంది. పందొమ్మిది మంచాలూ నవ్వుతున్నాయి, మా అవ్వ సంగతికే.

కొంగు ఇవతల చూశాను. ఆయన ముక్కడం లేదు, పళ్లు బిగించడం లేదు. తుంటి మీద చేయి కూడా లేదు. మొహంలో బిగువు సడలుతోంది.

"అయిందా?" అన్నాను, ఈసారి మెల్లగా.

"అయింది," అన్నాడు. "నువ్వు ఆపకు. సాబ్ ఏమన్నడు మళ్ల?"