ఎర్ర ముప్ఫై ఒకటి

ప్రభుత్వం దగ్గరున్న కాగితాల ప్రకారం నేను శవపేటికల కొట్లో కాపురముంటున్నాను. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. నాకు మాత్రం నవ్వు రావడానికి చాలా కాలం పట్టింది.

నా పేరు యోలాండా కిమీ. మాది ఈక్వడార్‌లో గుయాకిల్. ఇటలీకి వచ్చి ఏడేళ్ళయింది. ఈ రేవు పట్నంలో ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే పని నాది. నేను చూసుకునే పెద్దావిడను కొడుకు తనతో తీసుకుపోయాడు. దాంతో ఆవిడ ఇంట్లోంచి సామాను సర్దుకుని, పాతబస్తీ సందులో ముప్ఫై ఒకటో నంబరు మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. మాలాంటి పరాయి దేశంవాళ్ళు ఇల్లు మారితే పదిహేను రోజుల్లోగా విదేశీయుల ఆఫీసులో చెప్పుకోవాలి. నేను రెండో రోజే వెళ్ళాను. చెడిందల్లా అక్కడే.

ఫారం నింపుతుంటే నా పెన్ను మొరాయించింది. వెనక నిలబడ్డ సెనెగల్ పెద్దమనిషి పాపం, తన పెన్ను తీసి ఇచ్చాడు. అది ఎర్ర పెన్ను. దానితో ఇంటి నంబరు రాసేసి, ఆయనకు థాంక్స్ చెప్పి, నిశ్చింతగా ఇంటికొచ్చాను.

ఈ రేవు పట్నంలో ఇళ్ళ గుమ్మాలకు నల్ల నంబర్లు, కొట్లకు ఎర్ర నంబర్లు. ఒకే సందులో నల్ల ముప్ఫై ఒకటీ ఉంటుంది, ఎర్ర ముప్ఫై ఒకటీ ఉంటుంది. నల్లది మా మేడ. ఎర్రది సరిగ్గా దాని కింద, ఒత్తొనెల్లో గారి శవపేటికల కొట్టు. ఆఫీసు కౌంటర్లో ఉన్నావిడ పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. నంబరు ఎర్రగా కనబడగానే కొట్టు అనే నమోదు చేసింది. ఏడేళ్ళు ఈ సందుల్లో తిరిగి కూడా ఆ మాత్రం తట్టని బుద్ధిహీనురాలిని నేను.

నా ప్రాణమంతా గుయాకిల్‌లో మా అక్క దగ్గరున్న నా కూతురు నయేలి మీదే. దాన్ని వదిలి వచ్చేటప్పటికి పదేళ్ళది. నవంబరు తొమ్మిదికి పద్దెనిమిది నిండుతాయి. ఆ రోజు దాటితే చట్టానికి అది నా పిల్ల కాదు, ఎవరో పరాయి ఆడమనిషి. దాన్ని ఇక్కడికి రప్పించుకునే దరఖాస్తు ఈలోపే పెట్టాలి. అందుకు నేను ఫలానా చోట ఉంటున్నానన్న కాగితం కావాలి. మునిసిపల్ పోలీసు వచ్చి నన్ను కళ్ళారా చూస్తేగాని ఆ కాగితం రాదు. అందుకని పని మానుకుని మేడ మీద గుమ్మానికి చెవులప్పగించి కూర్చున్నాను.

పోలీసుకు బదులు ఒత్తొనెల్లో మెట్లెక్కి వచ్చాడు, చేతిలో ఉత్తరంతో.

"ఏమ్మా, నువ్వు నా కొట్లో కాపురం లేవట. ప్రభుత్వం రాసింది."

"అదేంటి సార్?"

"మొన్న పోలీసు ఫెరాండో వచ్చాడు. యోలాండా కిమీ ఇక్కడుంటుందా అన్నాడు. ఇక్కడ ఉండేవాళ్ళెవరూ లేరయ్యా, ఇది పోయేవాళ్ళ కొట్టు అన్నాను. అదే రాసుకుపోయాడు."

పరుగున ఆఫీసుకు వెళ్ళాను.

"నంబరు ఎర్రగా రాసింది మీరే కదమ్మా" అంది కౌంటర్లో ఆవిడ.

"పెన్ను ఎర్రదండీ! ఇల్లు నల్లదే!"

"అయితే ఎర్ర ఇంట్లోంచి నల్ల ఇంటికి మారినట్టు కొత్త ఫారం పెట్టుకోండి."

"ఇటివ్వండి, ఇప్పుడే పెడతాను."

"ఇస్తాను. కానీ ఎర్ర ఇంట్లో మీరు లేరని రిపోర్టుంది. లేని ఇంట్లోంచి ఎలా మారతారు? ముందు అక్కడ ఉన్నట్టు తేలాలి."

"అది తేలడానికి ఎన్నాళ్ళు?"

"మళ్ళీ తనిఖీకి ఒక వారం. ఆ తర్వాత నల్ల ఇంటికి నలభై అయిదు రోజులు."

నయేలి పుట్టినరోజుకు పంతొమ్మిది రోజులుంది. నాకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆవిడ చెడ్డమనిషేం కాదు. కళ్ళు తుడుచుకోమని కాగితం రుమాలు ఇచ్చింది. దానికి ఫారం కూడా అడగలేదు.

నల్ల ఇంటి కాగితం ఆలోపు రాదు, ఎర్ర ఇంటిదైతే రావచ్చు. తిన్నగా ఒత్తొనెల్లో కొట్టుకు వెళ్ళాను.

"నా కొట్లో బతికున్న మనిషా? బేరాలు పోవూ!" అన్నాడు.

"వారమే సార్. నా పిల్ల కోసం."

బుర్ర గోక్కున్నాడు. "దుమ్ము దులుపుతావా?"

"దులుపుతాను."

"మీ చేపల పులుసు?"

"రోజూ పెడతాను."

"సరే, వెనక గది తీసుకో. ముందు గదిలో మాత్రం కునుకు తీయకు. అమ్ముడుపోతావు."

మడతమంచం, పొయ్యి, నయేలి ఫొటో దింపాను. కొట్టు తలుపు మీద నా పేరు అంటించాను. మూడో రోజున ఒకాయన భార్యకు పేటిక చూడ్డానికి వచ్చి, ఉల్లిపాయల వాసనకు వెనక గదిలోకి తొంగిచూశాడు. కూర్చోబెట్టి పులుసు పోస్తే రెండు గిన్నెలు తాగి, ఆవిడ గురించి గంటసేపు చెప్పుకున్నాడు.

అయిదో రోజున ఫెరాండో వచ్చాడు. అతనిది మా ఎదురు మేడే. రోజూ కిటికీలోంచి పలకరించుకుంటాం.

"ఏం యోలాండా, పైన ఆరేసిన నీ దుప్పటి వానకు తడిసిపోతోంది, చూసుకోలేదేం?" అన్నాడు వస్తూనే. తర్వాత పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు. "మీరు నివసించేది ఎక్కడండీ?"

"ఇక్కడేనండీ" అన్నాను.

అతను నా మొహం చూశాడు, నయేలి ఫొటో చూశాడు. "నాకు తెలిసింది రాయమని ఎవరూ అడగలేదు. కంటికి కనబడింది రాయమన్నారు. మంచం ఉంది, పొయ్యి ఉంది. ఇద్దరు పడుకునే చోటుందా?"

"పద్నాలుగు మందికుందయ్యా, మూతలతో సహా!" అని ముందు గదిలోంచి ఒత్తొనెల్లో కేకేశాడు.

ఫెరాండో నవ్వకుండా రాసి సంతకం చేశాడు. గుమ్మం దగ్గర ఆగి, "పిల్లను త్వరగా రప్పించుకో" అన్నాడు మెల్లిగా.

నవంబరు ఆరున కాగితం వచ్చింది. ఏడున దరఖాస్తు పెట్టి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఈసారి ఏడుపు సంతోషంతోనే. నల్ల ఇంటి ఫారం పెడతానంటే కౌంటర్లో ఆవిడే వారించింది. నా ఫైలు కదిలితే దానికి ముడిపడిన పిల్ల ఫైలు ఆగిపోతుందట. ఆ ఫారం తిరిగి ఇచ్చేశాను.

నయేలి ఏప్రిల్‌లో వచ్చింది. నాకంటే జానెడు పొడుగు. విమానాశ్రయంలో ముందు నేను పోల్చుకోలేకపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

వచ్చిన ఎనిమిది రోజుల్లోగా అదీ చిరునామా చెప్పుకోవాలి కదా. మళ్ళీ అదే కౌంటరు, అదే ఆవిడ. ఇప్పుడు బల్లకు దారంతో రెండు పెన్నులు కట్టేశారు, ఎర్రదొకటి, నల్లదొకటి. ఆఫీసు నా వల్ల నేర్చుకున్నది అంతే. నయేలి పేరు రాసి, ఊరు రాసి, ఇంటి నంబరు దగ్గర తలెత్తింది.

"మమీ, మన గుమ్మం మీద నంబరు నల్లగా ఉంది కదా, నల్ల పెన్నుతో రాయనా?"

కౌంటర్లో ఆవిడ కిటికీవైపు చూడ్డం మొదలుపెట్టింది.

"ఎర్రదానితో రాయి తల్లీ" అన్నాను. "నల్లదానితో రాస్తే నువ్వు నా దగ్గర లేనట్టే."